లాంచెక్కిన ముత్యం

ఆయిల్ ధర పెరిగినకొద్దీ దోహాలో అంతస్తులు పెరుగుతున్న రోజులవి. వెస్ట్ బేలో లేస్తున్న ఒక టవరులో ముత్యం ఇనుప చువ్వలు కట్టేవాడు. పై అంతస్తు నుంచి సముద్రమంతా కనిపించేది. కానీ కంపెనీ బస్సు తెల్లవారకముందే తెచ్చి దించి, చీకటి పడ్డాక తీసుకుపోయేది. వచ్చి రెండేళ్లు దాటినా అతను ఆ నీళ్ల పక్కన ఒక్కసారైనా నిలబడలేదు. భార్య గౌరవ్వ ఒకరోజు ఫోనులో "సముద్రం నీళ్లు నిజంగ ఉప్పగుంటయా?" అని అడిగితే, "ఉంటయంట" అని చెప్పి తనలో తనే సిగ్గుపడ్డాడు.

అందుకని జనవరిలో ఒక శుక్రవారం పొద్దున అతనొక పథకం వేసుకున్నాడు. పాత రేవులో చెక్క లాంచీలు ఆగే జెట్టీ దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు వెంట వంపు తిరిగిన కార్నీష్ బాట మీద వెస్ట్ బే దాకా సైకిల్ మీద తాపీగా పోవాలి. మనసైన చోట దిగాలి. నీళ్లు ముట్టుకోవాలి. ఒక ఫోటో దిగాలి. మధ్యాహ్నం మటన్ కూర దించే వేళకు గదికి చేరుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా చోటు లేదు.

సైకిల్ కమాలుద్దీన్‌ది. కోరుట్ల మనిషి. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ముత్యం వాళ్లకోసం కంపెనీ అద్దెకు తీసుకున్న పాత ఇల్లు ఉన్న గల్లీలోనే అతని ఇస్త్రీ దుకాణం. అరబ్బులు తొడుక్కునే పొడుగాటి తెల్ల తోబులను ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు వేసి, ఆ ఆకుపచ్చ సైకిల్ మీదే ఇళ్లకు చేరవేసేవాడు. శుక్రవారం దుకాణం మూత కాబట్టి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గానీ, ఇచ్చే ముందు సైకిల్‌ను ఒకసారి గుడ్డతో తుడిచి మరీ చెప్పాడు.

"ఒక్కనివే తొక్కాలె భయ్. డబుల్ సవారీ జేస్తే చక్రం ఒంకర వోతది. సాయంత్రం వరకు నాకు గిట్లనే కావాలె."

తోడు వస్తున్న రాజేశం తాను నడుస్తానని మాటిచ్చాడు. రాజేశం ముత్యం ఊరివాడే, అదే టవరులో సెంట్రింగ్ పని. గల్లీ మలుపు తిరగ్గానే వెనక క్యారియర్ ఎక్కి కూర్చున్నాడు.

దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకున్నది ముత్యం సెలవు గురించే. అతని బిడ్డకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టు వెంట్రుకలు వేములవాడలో తీయిస్తామని మొక్కుకున్నారు. తండ్రి లేకుండా తీయించడానికి గౌరవ్వ ఒప్పుకోలేదు. మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. ఈలోగా పిల్ల జుట్టు కళ్ల మీద పడుతోంది, దారి కనబడక గడపకు తట్టుకుంటోంది, రిబ్బన్లు కడితే పీకి పారేస్తోంది. ముత్యం ఈ సంగతంతా క్యాంప్ ఇన్‌ఛార్జి సుధాకరరావుకు వివరంగా చెప్పి సెలవు అడిగాడు. కాకినాడ నుంచి వచ్చిన సుధాకరరావు చెడ్డవాడు కాదు. మేనేజరంటే భయం, అంతే. స్లాబు పని అయ్యేదాకా సెలవు మాట ఎత్తవద్దని, ఈలోగా పిల్ల జుట్టుకు పిన్నులు పెట్టించమని సలహా ఇచ్చి పంపేశాడు.

జెట్టీ చేరేసరికి అక్కడ సందడిగా ఉంది. ఇరాన్ ఒడ్డుకు పోయే లాంచీలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. పాత ఫ్రిజ్‌లు, సోఫాలు, టైర్లు, పాత సైకిళ్లు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. కూలీలు వాటిని తాళ్లతో కట్టి లాంచీల్లోకి లాగుతున్నారు. ముత్యం తన సైకిల్‌ను పాత సైకిళ్ల గుట్ట పక్కన ఆనించాడు. సముద్రం వెనకాల పడేలా ఫోటో తీయమని తన ఫోను రాజేశం చేతికిచ్చి, ముందు చాయ్ తాగుదామని రెండు కప్పులు తేవడానికి పోయాడు.

అతను అటు పోగానే ఒక కూలీ వచ్చి సైకిల్ అడ్డం తీయమన్నాడు. రాజేశం దాన్ని తీసుకుపోయి కొంచెం అవతల టైర్ల గుట్ట వెనక నీడలో నిలబెట్టాడు. అక్కడ జాలరులు ఒక పెద్ద చేపను తూకం వేస్తుంటే చూస్తూ ఉండిపోయాడు.

ముత్యం చాయ్ పట్టుకుని తిరిగొచ్చేసరికి రాజేశం లేడు. సైకిల్ లేదు. సైకిళ్ల గుట్ట సగం ఖాళీ అయింది. చివరన ఉన్న లాంచీలోకి ఒక ఆకుపచ్చ సైకిల్ తాడు కట్టుకుని గాలిలో ఊగుతూ దిగుతోంది. అతను రెండు కప్పులూ అక్కడే గట్టు మీద పెట్టి, మొదటి లాంచీ ఎక్కి, దాని మీంచి రెండో లాంచీలోకి, అక్కణ్ణుంచి చివరిదాంట్లోకి దూకాడు. ఆ సైకిల్‌ను అప్పటికే మిగతావాటి కింద పడేసి పైన టార్పాలిన్ కప్పేశారు. టార్పాలిన్ ఎత్తి, నాలుగైదు సైకిళ్లు పక్కకు లాగి, దాని హ్యాండిల్ పట్టుకుని పైకి లేచి చూస్తే, లాంచీకీ ఒడ్డుకూ మధ్య నీళ్లున్నాయి. ఆ నీళ్లు వెడల్పు అవుతున్నాయి.

అతను ఎంత అరిచినా డీజిల్ ఇంజను మోతలో కలిసిపోయింది. రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

గట్టు మీద పొగలు కక్కుతున్న రెండు కప్పులు చూసి, తనకోసం తెచ్చినదేననుకుని రాజేశం ఒకటి తాగుతున్నాడు. తల ఎత్తి చూస్తే, పోతున్న లాంచీలో ముత్యం నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఏమీ అర్థం కాక రాజేశం కూడా చెయ్యి ఊపాడు. పక్కనున్న వాచ్‌మన్‌ను ఆ లాంచీ ఎక్కడికని అడిగాడు. ఇరాన్ అని వాచ్‌మన్ చెప్పాడు. ఏం చేయాలో తోచక రాజేశం రెండో కప్పు కూడా తాగాడు.

సైకిల్ నీడలో భద్రంగా ఉంది. ముత్యానికి ఇరాన్‌లో పని లేదు. మరి ఎందుకు పోతున్నట్టు అని ఆలోచిస్తే రాజేశానికి ఒక్క కారణమే కనిపించింది, సెలవు. దారంతా ఆ మాటే కదా. అతను గదిలో పెద్దవాడైన గంగన్నకు ఫోను చేసి, సెలవు ఇయ్యలేదని ముత్యం లాంచెక్కి ఇరాన్ మీదుగా ఇంటికి పోతున్నాడని చెప్పాడు. ఇరాన్ మీదుగా ఇంటికి దారి ఉందా అని గంగన్న అడిగితే, లేకపోతే ఎందుకు ఎక్కుతాడని రాజేశం అన్నాడు.

గంగన్న ముత్యం మంచం చూశాడు. దుప్పటి లేదు. అది పొద్దున ఉతికి డాబా మీద ఆరేసినదని అతనికి తెలియదు. సుధాకరరావుకు ఫోనులో దుప్పటి సంగతి కూడా చేర్చి చెప్పాడు.

"దుప్పటి పట్టుకెళ్ళాడంటే ముందే అనుకున్నాడన్నమాట" అన్నాడు సుధాకరరావు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండగా మనిషి సముద్రం మీద పోయాడంటే, రేపు అడిగేవాళ్లు ముందు ఆయన్నే అడుగుతారు.

జుమా నమాజు అయ్యాక కంపెనీ బస్సు వచ్చింది. మటన్ కూర పొయ్యి మీంచి దించి మూత పెట్టి, గది మొత్తం బస్సెక్కింది. జెట్టీ చేరేలోగా బస్సులోనే కథ పెరిగింది. ముత్యం నెల నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని ఒకడన్నాడు. పై అంతస్తులో నిలబడి లాంచీల వంకే చూసేవాడని ఇంకొకడన్నాడు. పై అంతస్తులో నిలబడితే లాంచీలు తప్ప ఇంకేం కనిపిస్తాయని ఎవరూ అడగలేదు.

ఈ లోపల ముత్యం లాంచీలో మర్యాదలు పొందుతున్నాడు. దాని పెద్ద, తెల్ల గడ్డం ఉన్న ఇరానీ నాఖుదా, వచ్చీరాని హిందీలో "సైకిల్ వాలా?" అని అడిగాడు. ముత్యం గట్టిగా తల ఊపి, సైకిల్‌వాలానే అన్నాడు. సైకిళ్లు పంపుతున్న సేఠ్ తన సరుకుకు కాపలా మనిషిని పంపాడని నాఖుదా అనుకుని, పరుపు వేయించి, ఖర్జూరాలు, చాయ్ తెప్పించాడు. తనను ఒడ్డుకు చేర్చమని ముత్యం చేత్తో చూపిస్తే, అవును, రేపటికల్లా ఒడ్డుకు చేరతామని నాఖుదా కూడా చేత్తో, అవతలి వైపుకు చూపించాడు.

అక్కడ సముద్రం లోతు తక్కువ. పెద్ద పడవలు రావడానికి అడుగున కాలువలా తవ్విన దారి ఒకటి ఉంది. దాని రెండు పక్కలా ఎర్రవీ పచ్చవీ తేలే డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఆ వరుస వెంట లాంచీ నెమ్మదిగా పోతుంటే, ముత్యానికి తన టవరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతూ కనిపించింది. పని చేసినన్నాళ్లూ ఎప్పుడు దిగిపోదామా అనుకున్న ఆ టవరు మీద అతనికి మొదటిసారి ప్రేమ పుట్టింది. ఖర్జూరం చేతిలో పట్టుకుని ఏడ్చాడు.

సేఠ్ మనిషి ఏడవడం నాఖుదా ఎప్పుడూ చూడలేదు. వంటమనిషి గుజరాతీ. అతణ్ణి పిలిచి అడిగించాడు. ముత్యం సైకిల్ చూపించి అది తనదని, కాదు, ఇస్త్రీ చేసే కమాలుద్దీన్‌దని, తనకు బిడ్డ ఉందని, దాని జుట్టు కళ్ల మీద పడుతోందని, వచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి చెప్పాడు. జుట్టు సంగతి ఎవరికీ అర్థం కాలేదు గానీ, ఇతను సేఠ్ మనిషి కాడని మాత్రం తెలిసింది. దారిలో గస్తీ పోలీసులు లాంచీలో మనుషుల్ని చూస్తారు. కాగితం లేని మనిషి ఒకడు ఎక్కువగా ఉంటే ఏమవుతుందో నాఖుదాకు తెలుసు. ఆయన వెంటనే చిన్న పడవ దింపించి, ముత్యాన్నీ అతని సైకిల్‌నూ వెస్ట్ బే వైపు ఒడ్డున దించి రమ్మన్నాడు. వదిలేముందు మిగిలిన ఖర్జూరాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఒడ్డున కాలు పెట్టాక ముత్యం చాలాసేపు రాళ్ల మీద కూర్చున్నాడు. ఫోను రాజేశం దగ్గర ఉంది. రాజేశం ఈపాటికి గదికి పోయి తింటూ ఉంటాడని అనుకున్నాడు. సైకిల్ చూసుకుంటే గంట లేదు, క్యారియర్ వంగిపోయింది, ఒక పెడలు కిర్రుమంటోంది. సరుకులో వేసి కుక్కితే ఇంకేమవుతుంది, కమాలుద్దీన్‌కు ఏం చెప్పాలో అనుకుంటూ ఎక్కాడు.

పది బారలు తొక్కాక ఆ దిగులు కూడా వెనకబడింది. ఎండ వెచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్న కుటుంబాలు. ఎవరూ అతణ్ణి డ్యూటీకి పిలవడం లేదు. తాడిచెట్టులా పొడుగ్గా ఉన్న ఒక మనిషి తోవ అడిగితే, ముత్యం పుట్టి పెరిగినవాడిలా చేత్తో చూపించాడు. ఒకచోట దిగి, ప్యాంటు మడిచి మోకాళ్లదాకా నీళ్లలో నిలబడ్డాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగానే ఉంది. గౌరవ్వకు చెప్పాలనుకున్నాడు.

అతను మళ్లీ సైకిల్ ఎక్కేసరికి కంపెనీ బస్సు కార్నీష్ రోడ్డు మీద నెమ్మదిగా ఎదురొస్తోంది. లాంచీ ఇరాన్‌దేనని జెట్టీలో వాచ్‌మన్ మళ్లీ చెప్పాక, అది ఎక్కడైనా ఒడ్డు పట్టిందేమో చూద్దామని సుధాకరరావు బస్సును ఒడ్డు వెంట పోనిమ్మన్నాడు. ఆ గడబిడలో టైర్ల వెనక పెట్టిన సైకిల్ రాజేశానికి గుర్తే రాలేదు. బస్సులో అందరూ కిటికీలకు అంటుకుని సముద్రం వైపే చూస్తున్నారు. బాట మీద సైకిల్ తొక్కుతున్న ముత్యం తల మీదుగా చూసి, దూరాన ఉన్న ప్రతి లాంచీనీ వేళ్లతో చూపించుకుంటూ పోయారు. ముత్యం నీళ్ల వైపు చూస్తున్నాడు కాబట్టి అతను కూడా బస్సును చూడలేదు.

బస్సులోంచే సుధాకరరావు మేనేజరుకు ఫోను చేశాడు. మేనేజరు ఈజిప్టు మనిషి, అల్ అజీజియాలో తన ఇంట్లో బంధువులతో భోజనం చేస్తున్నాడు. సెలవు ఇవ్వనందుకు ఒక మనిషి ఇరాన్ లాంచీ ఎక్కాడని వినగానే భోజనం ఆపాడు. ఎవరు ఇవ్వలేదని అడిగాడు. సుధాకరరావు స్లాబు పని సంగతి ఎత్తాడు. మేనేజరు ఒకటే చెప్పాడు. ఆ మనిషి ఈ దేశం నుంచి పోవాలంటే విమానంలోనే పోవాలి, తన సంతకంతోనే పోవాలి. సెలవు ఇచ్చేశాను, ఎక్కడున్నా వెతికి ఆ మాట చెప్పి వెనక్కి తెమ్మన్నాడు.

ఫోను పెట్టేయగానే రాజేశం చేతిలో ముత్యం ఫోను మోగింది. ఊరి నుంచి గౌరవ్వ. ఎవరో అప్పటికే ఊరికి ఫోను చేశారని అందరికీ అర్థమైంది. అందరూ గంగన్న వైపు చూశారు. గంగన్న కిటికీ వైపు చూశాడు.

"ఆయినేడి?" అంది గౌరవ్వ.

"లాంచెక్కి పోయిండు వదినే. ఇరాన్‌కు" అన్నాడు రాజేశం.

"గది దుబాయ్‌ల ఏ పక్కనుంటది?"

"దుబాయ్‌ల ఉండదు వదినే. గది వేరే దేశం."

"బువ్వ తిని పోయిండా?" అని అడిగింది గౌరవ్వ.

సుధాకరరావు ఫోను అందుకుని, కంగారు పడొద్దని, ఆయనకు సెలవు మంజూరైందని, వచ్చే వారమే ఇంటికి వస్తాడని చెప్పాడు. లాంచీలోనే వస్తాడా అని గౌరవ్వ అడిగింది. విమానంలో వస్తాడమ్మా అని సుధాకరరావు అన్నాడు. అయితే ఇరాన్ ఎందుకు పోయాడని ఆమె అడిగితే, సుధాకరరావు ఫోను తిరిగి రాజేశం చేతిలో పెట్టాడు.

వాళ్లు గదికి వచ్చేసరికి మటన్ కూర గిన్నె మూత పక్కన ఉంది. కూర సగానికి తగ్గింది. ముత్యం తన మంచం మీద, డాబా మీంచి తెచ్చుకున్న దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు.

సుధాకరరావు లేపి అడిగాడు. "నువ్వు ఇరాన్ వెళ్ళలేదా?"

"లేదు సార్. ఇరాన్‌ల నాకేం పని?" అన్నాడు ముత్యం లేచి కూర్చుంటూ. సైకిల్ లాంచీలో పడితే తేవడానికి ఎక్కాననీ, నాఖుదా మంచి మనిషనీ, ఖర్జూరాలు తినమనీ చెప్పాడు.

సుధాకరరావు ఇంకేమీ అడగకముందే మేనేజరు ఫోను వచ్చింది. మనిషి దొరికాడా అని అడుగుతున్నాడు. దొరికాడంటే ఎక్కడ అంటాడు. మంచం మీద అంటే, ఇంతసేపూ ఎక్కడ వెతికావు అంటాడు. సుధాకరరావు గదిలోని ముఖాలన్నీ ఒకసారి చూసి, బయటికి నడిచి, ఎంతో కష్టపడి నచ్చజెప్పి వెనక్కి తెచ్చానని ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు చెవిన పడ్డాక సెలవు వెనక్కి తీసుకోవడానికి ఇంక దారి లేదు.

లోపలికి వచ్చి ముత్యంతో, "నీ సెలవు సంగతి నేనే మాట్లాడాను. సర్దుకో" అన్నాడు.

ముత్యం నమ్మలేదు. రెండోసారి చెబితే లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. వేములవాడలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఒక్కటే అతని కళ్ల ముందుంది. పొద్దున్నుంచి జరిగినవన్నీ దానికోసమే జరిగాయేమో అనిపించి, కొత్తగా కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే కమాలుద్దీన్ తన సైకిల్ కోసం వచ్చాడు. వాకిట్లో ఆనించి ఉన్నదాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది ఎవరిది?"

"నీదే భాయ్. గంట పోయింది, అంతే. లాంచిల ఎక్కిస్తుంటే ఊడినట్టున్నది" అన్నాడు ముత్యం.

"నాది కాదు ఇది. నా సైకిల్ నాకు తెల్వదా?"

రాజేశం మెల్లగా ముందుకొచ్చాడు. కమాలుద్దీన్ సైకిల్‌ను తాను టైర్ల వెనక నీడలో పెట్టానని, ఈ లొల్లిలో తేవడం మరిచిపోయానని చెప్పాడు.

ముత్యం అతని వైపు తిరిగాడు. "మరి నేను లాంచెందుకెక్కిన?"

"పొద్దుగాల సంది మేమంత గదే అడుగుతున్నం" అన్నాడు రాజేశం.

ముగ్గురూ టాక్సీలో జెట్టీకి పోయారు. ఎండ వాలుతోంది. టైర్ల గుట్ట ఉన్నచోట నేల ఊడ్చినట్టుంది. టైర్లన్నీ మధ్యాహ్నం లాంచీలో పోయాయని పొద్దుటి వాచ్‌మన్ చెప్పాడు. వెనక సైకిల్ ఉండాలి కదా అని కమాలుద్దీన్ అడిగాడు. ఉంది, దానికీ టైర్లున్నాయని అదీ ఎక్కించారు అన్నాడు వాచ్‌మన్. ఆ లాంచీ ఎక్కడికని అడగాల్సిన అవసరం ముగ్గురిలో ఎవరికీ కలగలేదు.

కమాలుద్దీన్ చాలాసేపు సముద్రం వైపు చూశాడు. ముత్యం తలొంచుకుని, తాను ఊరి నుంచి తిరిగి రాగానే కొత్తది కొనిస్తానన్నాడు. ఇంటికొచ్చాక కమాలుద్దీన్ ఆ గంట లేని సైకిల్ ఎక్కి గల్లీలో ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"సీటు మెత్తగున్నది" అన్నాడు దిగి. "నాదానికంటె మెత్తగున్నది. ఉండనియ్."

మరుసటి వారం ముత్యం విమానమెక్కాడు. వేములవాడలో పిల్లకు గుండు గీయిస్తుంటే కిమ్మనలేదని, తల ఎత్తి తండ్రి ముఖం మొదటిసారి సరిగా చూసి భయపడి ఏడ్చిందని గౌరవ్వ ఫోనులో రాజేశానికి చెప్పింది.

ఆ తర్వాతి శుక్రవారాల్లో సెలవు కావలసినవాళ్లంతా లాంచీల జెట్టీకి చాయ్‌కి పోవడం మొదలుపెట్టారు. సుధాకరరావు సెలవు అడిగినవాణ్ణి కారణం అడగడం మానేసి, నీకు ఈత వచ్చా అని మాత్రమే అడిగేవాడు.